లేని మెట్టు

మా పై అంతస్తు తాత పోయిన కబురు నాకు రైల్లో తెలిసింది. ఉదయం ఎనిమిది కావస్తోంది. క్లాంగ్‌లో ఎక్కి కౌలాలంపూర్‌లోని కాలేజీకి వెళుతున్నాను. నిలబడ్డానికి కూడా సరిగ్గా చోటు లేదు. మా ఫ్లాట్లవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారు: "మన టీవీ తాగుబోతు తాత ఇక లేరు." దాని కింద ఒక చిన్న వీడియో. చేతిలో సీసా, గళ్ళ లుంగీ, పెళ్ళి పందిట్లోకి తూలుతూ వచ్చి పెళ్ళికొడుకు ఒళ్ళో కూలబడే సీను. ఆ కబురుకి మొదట వచ్చినవన్నీ నవ్వే బొమ్మలే. పైన రాసిన మాట చదవకుండా వీడియో మాత్రం చూసినవాళ్ళు పెట్టినవి. కాసేపటికి ఇంకెవరో "అయ్యో, నిజంగానే పోయారు" అని రాశాక, నవ్వే బొమ్మలు ఒక్కొక్కటే మాయమై వాటి చోట చేతులు జోడించిన బొమ్మలు వచ్చాయి.

నేను దిగిపోదామనుకున్నాను. రైలు తలుపులు అప్పటికే మూసుకున్నాయి. తరువాతి స్టేషన్ వచ్చేదాకా ఆ జనం మధ్య ఇరుక్కుని, ఆ వీడియో మళ్ళీ మళ్ళీ దానంతటదే ఆడుతుంటే చూస్తూ ఉన్నాను. తాత ప్రతిసారీ పందిట్లోకి వస్తున్నారు. ప్రతిసారీ పడుతున్నారు.

ఆయన గురించి నాలుగు మాటలు రాస్తానని ఈ పత్రికవారిని నేనే అడిగాను. చదివేవారిలో చాలామంది ఆయన్ని చూసే ఉంటారు. పేరు తెలియకపోయినా ముఖం తెలుస్తుంది. తమిళ టీవీ నాటకాల్లో, దీపావళికి వేసే టెలీఫిల్ముల్లో, రెండు మూడు మలయ్ సినిమాల్లో, లెక్కలేనన్ని రంగస్థల నాటకాల్లో ఆయన ఉన్నారు. ముప్పై ఏళ్ళకు పైగా ఉన్నారు. అన్నిటిలోనూ తాగుబోతుగానే ఉన్నారు. నాటకం చివర పేర్లు వేసేటప్పుడు ఆయన పేరు పక్కన పాత్ర పేరు ఉండేది కాదు. 'కుడికారన్' అని ఉండేది. తాగుబోతు అని. ఒకసారి టీవీలో ఆ పేర్లు వస్తుంటే నన్ను పిలిచి చూపించారు. అవి ఎంత వేగంగా పోయాయంటే నాకు ఏమీ కనబడలేదు.

"నా పేరు సదవాలంటే రెప్ప ఎయ్యకూడదు, ఓలమ్మీ" అన్నారు.

ఆయన పేరా రాష్ట్రం వైపు ఒక రబ్బరు తోటలో, కూలీలకి వరసగా కట్టిన లైను ఇంట్లో పుట్టారు. పెద్దయ్యాక క్లాంగ్ వచ్చి పోర్టులో గోదాము పనికి కుదిరారు. సెలవు పెట్టి షూటింగులకు వెళ్ళేవారు. షూటింగుకి ఎవరి బట్టలు వాళ్ళే తెచ్చుకోవాలి. ఆయన దగ్గర ఒక నీలం సంచి ఉండేది. అందులో చిరుగుల బనియను, గళ్ళ లుంగీ, ఒక ఖాళీ సీసా. సీసాలో పోసుకోవడానికి ఇంటి నుంచే 'తె ఓ' కాచి ఫ్లాస్కులో పట్టుకెళ్ళేవారు. తె ఓ అంటే పాలు లేని టీ. కెమెరాకి అచ్చం మందు రంగులో కనబడుతుంది. జీవితమంతా ఆ నల్ల టీ తాగీ తాగీ ఆయనకి దాని మీద విరక్తి పుట్టింది. ఇంట్లో పాలు దండిగా పోసిన టీ తప్ప ముట్టేవారు కాదు. దానికొక తెల్ల కప్పు. పిడి దగ్గర చిన్న పెచ్చు లేచిపోయి ఉండేది. ఇంకో కప్పులో పోసి ఇస్తే తాగేవారు గాని, కప్పు వైపు చూస్తూ తాగేవారు.

మందు మాత్రం ఒక్క చుక్క ఎరగరు. దగ్గుకి మందు ఇచ్చినా మూత తీసి వాసన చూసి పక్కన పెట్టేవారు. కరివేపాకు కొనడానికి కిందికి దిగినా ఇస్త్రీ చొక్కా వేసుకుని మెడ దాకా గుండీలు పెట్టుకునేవారు. మా ఫ్లాట్ల వరండాల్లో ఆయన నడిచినంత తిన్నగా ఎవరూ నడవరు. గోడకి రాసుకోకుండా, సరిగ్గా మధ్యలో, ఎవరో గీత గీసి పెట్టినట్టు నడిచేవారు. చిన్నప్పుడు నాకు అది గొప్పగా అనిపించేది. అలా నడవక తప్పని మనిషి నడక అది అని చాలా ఆలస్యంగా తెలిసింది.

పెళ్ళిళ్ళలో ఆయన భోజనానికి కూర్చుంటే పక్కవాళ్ళు గ్లాసు నింపి ముందుకి జరిపేవారు. "తాతా, మా దగ్గర మొహమాటం ఏటి లా!" అనేవారు. ఆ 'లా' తగిలించకుండా ఇక్కడ మనవాళ్ళకి మాట పూర్తి కాదు. తాత నవ్వి, గ్లాసు పక్కకి పెట్టి, నీళ్ళు అడిగేవారు. అది కూడా నటనే అనుకుని వాళ్ళు ఇంకా నవ్వేవారు.

ఒకసారి నాటకంలో పోలీసు వేషం అడిగి వేశారట. యూనిఫాం వేసుకుని స్టేజీ మీదికి రాగానే, ఇంకా నోరు తెరవక ముందే, హాలంతా గొల్లుమంది. ఎప్పుడు తూలతాడా అని సీను అయ్యేదాకా ఎదురు చూశారు. ఆయన తూలలేదు. దిగి వచ్చాక నాటకం పెట్టినాయన అడిగాడట, "ఏటి బావా, ఒంట్లో బాగోలేదా?" అని.

ఇది చెప్పి తాత పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన నవ్వు ముందు ఆగింది.

ఆ తాగుబోతు నడక ఎక్కడ నేర్చుకున్నారో నాకు చెప్పింది కిందటేడాది. వాళ్ళ తోటలో కల్లు దుకాణం ఉండేదట. సాయంత్రం పని దిగిన వాళ్ళ నాన్న అక్కడినుంచి ఇంటికి వచ్చే సమయానికి చీకటి పడేది. "మా అయ్య ఊగేవోడు కాదు. అందరూ తాగినోడంటే ఊగడం అనుకుంతారు. మా అయ్య గుమ్మం దాకా బాగానే వచ్చేవోడు. గుమ్మం కాడ ఆగిపోయేవోడు. కాలు ఇంతెత్తుకి ఎత్తేవోడు. అక్కడ మెట్టు లేదు. లేని మెట్టు ఎక్కేవోడు. ఎక్కి, అది లేదని తెలిసి, పడేవోడు" అన్నారు.

తోటలో పండగకి నాటకం వేస్తుంటే తాగుబోతు వేషం వెయ్యాల్సినవాడు జ్వరంతో పడుకున్నాడు. తాతకి అప్పుడు పన్నెండేళ్ళు. ఆ వేషం తనకిచ్చారు. ఏమి చెయ్యాలో తోచక వాళ్ళ నాన్న చేసేదే చేశారు. కాలు ఎత్తారు, లేని మెట్టు ఎక్కారు, పడ్డారు. తోట తోటంతా నవ్వింది.

"మీ నాన్న చూశారా?" అని అడిగాను.

"ముందు వరసలోనే కూకున్నాడు. అందరికన్నా గట్టిగా నవ్వినాడు. అది తనే అని ఆడికి తెలవలేదు." తాత కిటికీ వైపు తిరిగారు. "అప్పుటి నుంచి ఆడి నడకే నడస్తన్నాను. దిగనివ్వట్లేదు ఎవులూ."

ఇక నేను చెప్పకుండా దాటెయ్యాలనుకుని దాటెయ్యలేకపోయిన సంగతి ఒకటుంది.

రెండేళ్ళ కిందట ఒక ఆదివారం అమ్మా నేనూ పొద్దుటి బజారులో ఉన్నాం. చేపల దుకాణాల వరసలో తాత ఎదురుగా వస్తున్నారు. ఎప్పటిలాగే ఇస్త్రీ చొక్కా, చేతిలో సంచి. వస్తూ వస్తూ ఆగారు. కాలు పైకెత్తారు. ఎదర ఏమీ లేని చోట మెట్టు ఉన్నట్టు అడుగు వేశారు. ఐసు పెట్టెల మధ్య కూలబడ్డారు.

బజారు మొత్తం నవ్వింది. చేపలమ్మే అతను కత్తి కింద పెట్టి చప్పట్లు కొట్టాడు. "షూటింగు ఎక్కడ తాతా? కెమెరా ఏదీ?" అని ఎవరో అరిచారు. నలుగురైదుగురు ఫోన్లు తీశారు. మా అమ్మ నవ్వింది. నేనూ నవ్వాను. ఎంతసేపు నవ్వానో ఇప్పుడు చెప్పలేను గాని, చాలానే నవ్వాను. నవ్వు మొదట ఆపింది అమ్మ. "ఓలమ్మో, సొక్కా తడిసిపోతంది, లెగట్లేదేటి ఈయన" అంది. చేపల నీళ్ళు ఆ తెల్ల చొక్కా మీదికి పాకుతున్నాయి. ఆయన వాటి నుంచి పక్కకి జరగడం లేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి. మా అందరినీ చూస్తున్నాయి.

ఒంట్లో షుగరు పడిపోయింది. పడటంలో తుంటి ఎముక విరిగింది. ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు ఇద్దరు పక్కింటివాళ్ళు ఆయన్ని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నాలుగో అంతస్తుకి మోశారు. మా ఫ్లాట్లకు లిఫ్టు లేదు. ఆ తరువాత ఆయన కిందికి దిగింది రెండుసార్లే.

తాత కూతుర్ని నేను అత్త అని పిలుస్తాను. ఆవిడ చేతి తొడుగుల ఫ్యాక్టరీలో పని చేస్తుంది. పొద్దున్నే వెళుతూ, తండ్రి ఎక్కడ మెట్ల వైపు వెళతారో అని, బయట ఇనుప గ్రిల్లుకి తాళం వేసి రెండో తాళంచెవి మా ఇంట్లో ఇచ్చేది. కాలేజీ నుంచి వచ్చి నేను వెళ్ళి తీసేదాన్ని. నన్ను చూడగానే తాత రెండు చేతులతో గ్రిల్లు ఊచలు పట్టుకుని, ముఖం ఏడుపుగా పెట్టి, "నన్నెందుకేసినారు సార్ లోపల? నేనేటి సేసినాను?" అనేవారు. మొదటి రోజుల్లో అది తమాషాగానే ఉండేది. కొన్నాళ్ళకి ఆ మాట అనడం మానేశారు. ఊచలు పట్టుకోవడం మానలేదు.

"లేని మెట్టు ముప్పై ఏళ్ళు ఎక్కినాను. ఉన్న మెట్టు దిగలేకపోతన్నాను సూడు" అన్నారు ఒకరోజు.

నేను వెళ్ళడం మొదలుపెట్టింది తప్పు చేసినట్టు అనిపించడం వల్లే. నెల రోజులు వెళ్ళాక గాని నోరు పెగల్లేదు. టీ కప్పు చేతికిస్తూ అనేశాను: "తాతా, ఆరోజు బజారులో నేనూ నవ్వాను."

ఆయన ఒక గుక్క తాగారు. "సూసినాను. నీ పక్కన మీ యమ్మ. మీ వెనకాల ఎర్ర టోపీ వోడు. అందర్నీ సూసినాను. యాక్టరు గదా, జనం ఎటు కూకున్నారో కన్ను సూసేస్తాది."

నేను ఏడ్చినట్టున్నాను.

"ఏడుపెందుకే. అంత బాగా సేసినానన్న మాట" అన్నారు. మళ్ళీ కాసేపటికి, నావైపు చూడకుండా, "నవ్వినోళ్ళందరూ తరవాత పళ్ళు అట్టుకొచ్చినారు. నవ్వినానని సెప్పింది నువ్వొక్కదానివే" అన్నారు.

అప్పటి నుంచి మా ఇద్దరికీ స్నేహం. నేను ఆదివారం తరగతుల్లో తెలుగు అక్షరాలు నేర్చుకుంటున్నాను. ఆయనకి మాట ఉంది, అక్షరం లేదు. నాకు అక్షరం వచ్చింది, మాట లేదు. ఇంట్లో అమ్మ తెలుగులో అడిగితే నేను తమిళంలో జవాబిచ్చేదాన్ని. తాత దగ్గర అది సాగేది కాదు. నిఘంటువులో దొరికిన పెద్ద మాట ఏదైనా వాడితే "పుస్తకం మింగినావేటి? కక్కెయ్" అనేవారు. నా నోట్‌బుక్కులో ఒక పేజీ నిండా ఆయన మాటలే. పొద్దు గుంకడం, ఏకువ, గుంట, బువ్వ, నంజుకోవడం. ఒక్కో మాటకి ఒక్కో కథ చెప్పేవారు.

ఆ రోజుల్లోనే ఒక డైరెక్టరు ఫోను చేశాడు. టెలీఫిల్ములో ఒక వేషం. రిటైరవుతున్న తోట బడి మాస్టారు. చివరి రోజున పిల్లలతో మాట్లాడతాడు. ఒక పేజీ మాట. కుర్చీలో కూర్చునే చెప్పాలి, నడవక్కర్లేదు. "తాగుడు లేదా?" అని తాత రెండుసార్లు అడగడం నేను విన్నాను. లేదన్నాడు.  ఫోను పెట్టేశాక తాత అత్తని పిలిచి, తెల్లచొక్కా ఎక్కడుందో చూడమన్నారు.

ఆ పేజీ తమిళంలో వచ్చింది. పిల్లలు మాట్లాడే ముక్కలు నేను చదివేదాన్ని, ఆయన మాస్టారు మాటలు చెప్పేవారు. మూడో రోజుకే నోటికి వచ్చేసింది. అప్పుడు ఆయనకో కోరిక పుట్టింది. "దీన్నోసారి మన మాటలో సెప్పుకుంటాను. ఎవులికీ అక్కర్లేదు. నాకే. రాసియ్యి" అన్నారు.

రాత్రంతా నిఘంటువు ముందేసుకుని రాసి తీసుకెళ్ళాను. మొదటి వాక్యం చదివాను: "బాలబాలికలారా, ఆసీనులు కండి."

"పిల్లలు పారిపోతారే!" అన్నారు తాత. అత్త వంటింట్లోంచి నవ్వింది. "కూకోండి అని రాయి. ఆళ్ళు పసోళ్ళు."

వాక్యం వాక్యం ఆయన చెప్తే నేను దిద్దాను. ఒక శనివారం మధ్యాహ్నం అత్త, అమ్మ, నేను చాప మీద కూర్చున్నాం. తాత తెల్లచొక్కా వేసుకుని, జుట్టు తడిపి దువ్వుకుని, కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నారు. కింద పోర్టుకి పోయే లారీల మోత. అది కొంచెం తగ్గేదాకా ఆగి మొదలుపెట్టారు.

"పిల్లలూ, కూకోండి. ఈరోజు పాఠం లేదు. ఇన్నేళ్ళూ నేను అడిగినాను, మీరు సెప్పినారు. ఈరోజు మీరు అడగండి. నాకు తెలిసిందయితే సెప్తాను. తెలవకపోతే తెలవదని సెప్తాను. తెలవదని సెప్పడానికి నాకు ముప్పై ఏళ్ళు పట్టింది. మీకు అంత పట్టకూడదు."

గొంతు పెంచలేదు. చెయ్యి కదపలేదు. నేను ఆయన్ని అంతవరకూ వందసార్లు టీవీలో చూసి ఉంటాను. ఆ మనిషి ఎప్పుడూ కనబడలేదు. అమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయిపోయాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు, కొట్టాలని తోచలేదు. ఫోను నా ఒళ్ళోనే ఉంది. తియ్యాలనీ తోచలేదు. ఆ ముక్క ఇప్పుడు మా ముగ్గురి దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు.

షూటింగు రోజున ఆయన్ని మళ్ళీ కుర్చీలోనే కిందికి దించారు. అదే మొదటిసారి దిగడం. మెట్ల మలుపు దగ్గర పిల్లలు "తాత షూటింగుకి పోతన్నాడు" అని అరుస్తుంటే రాజుగారిలా చెయ్యి ఊపారు. సాయంత్రం వచ్చేటప్పుడు చెయ్యి ఊపలేదు. అత్త నన్ను పక్కకి పిలిచి, "ఏటీ అడక్కు" అంది.

వారం రోజులకి ఆయనే చెప్పారు. కెమెరా పెట్టాక డైరెక్టరు వచ్చి, అంకుల్, చిన్న మార్పు, మాస్టారికి లోపల బాధ ఉంది, అందుకని చేతిలో సీసా పెడదాం, మిమ్మల్ని చూస్తే జనం అదే అడుగుతారు, అన్నాడట.

"మరి మీరేమన్నారు?"

"ఒద్దన్నాను. ఒకసారి గాదు, రెండుసార్లు ఒద్దన్నాను. ఆడు మంచి గుంటడే. బతిమాలినాడు. అంతమంది నిలబడున్నారు, లైట్లు ఏడెక్కిపోతన్నాయి. సీసా సేతికిచ్చినారు." తాత తన కుడిచేయి ఎత్తి చూసుకున్నారు. "ఒద్దని నోరంతంది. ఏళ్ళేమో ముడుసుకుపోయినాయి. ఆటికి సెప్పక్కర్లేదు, తెలుసు. సీసా ఎలా అట్టుకోవాలో ముప్పై ఏళ్ళుగా తెలుసు."

"మరి ఆ మాటలు?"

"మాట కోసేసినారు. సగమే ఉంచినారు. మిగతాది నత్తిగా సెప్పమన్నారు." తరువాత ఎంతో మామూలుగా, "టీ ఎట్టు" అన్నారు.

ఆ టెలీఫిల్ము వచ్చిన రోజు మేమెవరం టీవీ పెట్టలేదు. గోడల్లోంచి పక్కింటివాళ్ళ నవ్వులు వినిపించాయి. తాత కిటికీ దగ్గర కూర్చుని లారీలు చూస్తున్నారు.

ఆ తరువాత ఆయన మాస్టారి మాటలు ఎప్పుడూ చెప్పలేదు. ఒకటి రెండుసార్లు నేను మొదటి ముక్క అందించి చూశాను. చెయ్యి అడ్డంగా ఊపారు. నాకు మాటలు చెప్పడం మాత్రం ఆపలేదు. చివరి వారంలో చెప్పిన మాట 'తెరిపి'. వాన ఆగిన కాసింత సేపు. ఆ మాట ఆయనకి చాలా ఇష్టమనుకుంటాను. రెండుసార్లు పలికించారు.

పోయింది పొద్దున్నే, కిటికీ పక్క అదే కుర్చీలో. అత్త డ్యూటీకి బయలుదేరుతూ చెప్పడానికి వస్తే ఆయన పలకలేదు. కుర్చీ లేకుండా దిగడం అప్పుడే. రెండోసారి, ఆఖరిసారి.

ఇక పెద్దదినం నాటి సంగతి చెప్పి ఆపుతాను.

ఇక్కడ మనవాళ్ళ అలవాటు మీకు తెలిసిందే. పెద్దదినం నాడు పోయినవారి ఫోటో ముందు వారికి ఇష్టమైనవన్నీ పెడతాం. బీడీలు కాల్చినవారికి బీడీలు, తాగేవారికి సీసా. ఎవరూ తప్పు పట్టరు, ప్రేమగానే పెడతారు. అత్త అన్నం, చేపల పులుసు, ఉడకబెట్టిన గుడ్డు, ఆయన కళ్ళజోడు పెట్టింది. ఫోటో కోసం ఇల్లంతా వెతికితే ఒక్కటే బాగున్నది దొరికింది. ఆ చివరి షూటింగులోది. తెల్లచొక్కా, దువ్విన జుట్టు, నెమ్మదైన ముఖం. చేతిలో వేలాడుతున్న సీసా. అత్త స్టూడియోవాళ్ళకి చెప్పి సీసా పోయేలా కింద కత్తిరించి ఫ్రేము కట్టించింది. చెయ్యి మాత్రం వేళ్ళతో సహా ఉండిపోయింది. ఫ్రేము అడుగున వేళ్ళు దేన్నో పట్టుకున్నట్టు ముడుచుకుని ఉన్నాయి.

మధ్యాహ్నానికల్లా ఫోటో ముందుకి రెండు బీరు సీసాలు వచ్చేశాయి. ఎవరో అభిమానులు పెట్టి దండం పెట్టుకుని వెళ్ళారు. నేను అత్త ముఖం చూశాను. "ఉండనీ అమ్మీ. ఆళ్ళకి తెలిసిన మనిషికి ఆళ్ళు ఎట్టుకున్నారు" అంది. ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నాకు రైల్లో తలుపులు మూసుకున్నప్పటిలాగే అనిపించింది. బతికినన్నాళ్ళూ వదలని సీసా ఇప్పుడు అన్నం పక్కకి కూడా వచ్చి కూర్చుంది.

మూడోది తెచ్చినాయన పోర్టులో లారీ నడుపుతాడు. మా ఫ్లాట్లవాడు కాదు. పేపర్లో చూసి, చిరునామా కనుక్కుని వచ్చాడు. ఖరీదైన సీసా, కొత్త తువ్వాలులో చుట్టి తెచ్చాడు. దాన్ని ఫోటో ముందు పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, చాలాసేపు లేవలేదు. "మా నాయన ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ ఈయన్ని ఫోన్లో సూసే నవ్వినాడు అక్కా. ఇంకెవులు సెప్పినా నవ్వేవోడు కాదు. ఆఖర్రోజు కూడా ఈయన్నే సూసి నవ్వినాడు లా" అన్నాడు.

నేను అంతసేపూ గోడకి ఆనుకుని ఉన్నాను. ఈయన కూడా మిగతావాళ్ళలా సీసా పెట్టి వెళ్ళిపోయి ఉంటే ఊరుకునేదాన్నేమో. బజారులో నేను నవ్విన నవ్వు గుర్తొచ్చింది. తాత కళ్ళు తెరిచి మమ్మల్ని చూడటం గుర్తొచ్చింది.

"మావా, తాత తాగరు" అన్నాను.

"ఏటి?"

"తాగరు. ఒక్క చుక్క కూడా. ఎప్పుడూ తాగలేదు."

ఆయన నవ్వి, కలిసి నవ్వడానికి ఇంకెవరైనా ఉన్నారా అని చుట్టూ చూశాడు. "ఊరుకో పిల్లా. ముప్పై ఏళ్ళు సూసినాను గదా!" అత్త వైపు తిరిగాడు. "ఏటక్కా?"

అత్త తల దించుకుని ఉంది. "నిజమే తమ్ముడూ" అంది మెల్లగా. "మా నాన్నోళ్ళ అయ్య కల్లు తాగి సచ్చిపోయినాడు. మా నాన్నకి ఆ వాసన పడేది కాదు."

"మరి ఆ సీసాలో?"

"తె ఓ. నేనే కాసి పోసేదాన్ని."

ఆయన ఫోటో వైపు చూశాడు. తెల్లచొక్కా వైపు, ముఖం వైపు, వేళ్ళ వైపు. "అయితే మా నాయనా నేనూ సూసిందెవుల్ని?" అన్నాడు.

"ఏటి తాగేవోడు మరి?" అని అడిగాడు.

"పాలు ఎక్కువేసిన టీ" అన్నాను.

లేచి తన సీసా తీసుకున్నాడు. మిగతా రెండిటి వైపు చూసి, అత్త తలూపాక వాటినీ చంకలో పెట్టుకున్నాడు. మెట్లు దిగుతున్న చప్పుడు నాలుగు అంతస్తులూ వినబడింది. వెళ్ళిపోయాడనుకున్నాం. పావుగంటకి మళ్ళీ అడుగులు. ఈసారి మెల్లగా, ఆగి ఆగి. భారీ మనిషి, చెమటలు కారుతూ, చేతిలో దారంతో ముడి వేసిన ప్లాస్టిక్ పొట్లాంతో పైకి వచ్చాడు. కింద కొట్లో కట్టించిన వేడి టీ. అన్ని మెట్లు ఎక్కిన కాలికి ఇక మెట్లు అయిపోయాయని తెలియలేదు. అత్తవాళ్ళ గుమ్మం ముందు ఇంకో మెట్టు ఉన్నట్టు కాలు పైకెత్తాడు. ఒక్క క్షణం తూలి గ్రిల్లు పట్టుకున్నాడు.

అక్కడ పదిమందిమి ఉన్నాం. ఎవరూ నవ్వలేదు.

అత్త వంటింట్లోంచి పిడి దగ్గర పెచ్చు లేచిన తెల్ల కప్పు తెచ్చింది. ఆయన పొట్లాం ముడి పంటితో విప్పి, చుక్క ఒలకకుండా పోశాడు. ఫోటోకి ఆనించినట్టు ముందుకి జరిపాడు. ఫ్రేము అడుగున ముడుచుకున్న వేళ్ళు సరిగ్గా కప్పు మీదికి వచ్చాయి. ఆవిరి పైకి లేచి అద్దాన్ని కాసేపు మసకగా చేసింది. తరువాత తగ్గింది. టీ మీద మెల్లగా మీగడ కట్టడం మొదలైంది.